గుమ్మానికి అడ్డంగా వంతెన

మా బావ కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. భోజనానికి కూర్చున్నా బల్ల కింద ఒక కాలు ఆడుతూనే ఉంటుంది. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. పగలంతా ఎవరెవరి భవనాల్లోనో పైకీ కిందకీ తిరిగొస్తాడు కదా, ఇంటికొచ్చాకైనా కాసేపు ఒకచోట కూలబడతాడేమో అనుకుంటే అదీ లేదు. బూట్లు విప్పీ విప్పకముందే రైలుగదిలోకి దూరతాడు. దూరతాడని ఊరికే అనలేదు. ఆ గదిలోకి నిజంగానే దూరి వెళ్ళాలి.

ఆ గది సంగతి చెప్పాలి. ఇంటి వెనకవైపు చిన్న గది. నాలుగు గోడల వెంబడీ నడుమెత్తున బల్లలు కట్టి, వాటి మీద బొమ్మ రైలుకి పట్టాలు వేశాడు. బొమ్మ రైలంటే ఆయనకి కోపం, నమూనా రైలు అనాలట. సరే, నమూనాయే. అరచేతిలో పట్టే ఇంజను, దాని వెనక పెట్టెలు, ఒక స్టేషను, సొరంగం, వెలిగి ఆరే సిగ్నళ్ళు. రైలు నాలుగు గోడలూ చుట్టి రావాలంటే గుమ్మాన్ని కూడా దాటాలి కదా. అందుకని గుమ్మానికి అడ్డంగా ఒక సన్నని పలక బిగించి, దాని మీద వంతెన కట్టారు. రైలుని నడిపే మీటలన్నీ గది మధ్యలో ఉంటాయి. ఎవరు లోపలికి వెళ్ళాలన్నా గొంతుక్కూర్చుని ఆ వంతెన కింద నుంచి వెళ్ళాల్సిందే.

కట్టాడు అనకుండా కట్టారు అన్నది ఎందుకంటే, వంతెన మా అక్క చేతిపని. అక్క బేకరీలో కేకుల మీద పువ్వులూ పేర్లూ వేసేది. కేకు కింద పెట్టే అట్టలు తెచ్చి, కోసి, కమానులు చేసి, రాళ్ళు పేర్చినట్టు రంగు వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ గొడవపడకుండా కలిసి చేసిన పని అదొక్కటేనని నేను ఆటపట్టిస్తూంటాను. అక్క నవ్వి ఊరుకుంటుంది. ఊరుకోవడం ఆమెకి మొదట్నుంచీ అలవాటు, ఆ అలవాటంటే నాకు మొదట్నుంచీ చిరాకు.

వంతెన తప్ప ఆ గదిలో ఏదీ ఎక్కువకాలం ఒక్కచోట నిలవలేదు. స్టేషను కిటికీ పక్కన ఉండేది, సొరంగం పక్కకి మారింది. తరవాత సొరంగం నచ్చలేదని కొండనే పీకేశాడు. అక్క అట్టలతో ఒక ఊరే చేసింది. పోస్టాఫీసు, బడి, గాజు తలుపుల బేకరీ, మేడల మీద ఆరేసిన బట్టలు కూడా. ఆ ఊరు గోడగోడకీ తిరిగింది. అందులో బొమ్మ మనుషులకి నోరుంటే ఎప్పుడో బావ మీద తిరగబడేవాళ్ళు. రైలు చక్కగా తిరిగిన రోజే ఆయనకి తోచుబాటు కాదు. పెన్సిలు తీసి కొత్త ప్లాను గీస్తాడు, పాత కాగితాన్ని చుట్టచుట్టి అటకెక్కిస్తాడు, మర్నాటి నుంచి మళ్ళీ పీకుడు. వంతెన జోలికి మాత్రం పోలేదు. రైలు ఎక్కడ తడబడినా, ఎక్కడ పట్టా తప్పినా, దాని మీద మాత్రం చప్పుడు లేకుండా జారిపోయేది.

మూడేళ్ళ కిందట అక్కకి మోకాలి ఆపరేషనయింది. నడవచ్చు, మెట్లెక్కచ్చు, నేల మీద మాత్రం కూర్చోకూడదు, గొంతుక్కూర్చోవడం అసలే కూడదు అన్నాడు డాక్టరు. అంతే, రైలుగదికీ ఆమెకీ రుణం తీరిపోయింది. సాయంత్రాలు గుమ్మం బయట స్టూలు వేసుకుని, ఒళ్ళో అట్టలు పెట్టుకుని ఇళ్ళు చేసేది. చేసినవాటిని వంతెన మీదుగా లోపలికి అందించేది. బావ అందుకుని, తీసుకెళ్ళి ఎక్కడో పెట్టి, "బ్రహ్మాండంగా ఉంది" అనేవాడు.

ఒకసారి నా ఎదుటే అడిగింది.

"వంతెన కోసి గేటులా పెడితే నేనూ లోపలికి రావచ్చు కదండీ?"

"చూద్దాం," అన్నాడు బావ.

ఊరికే అనడం కాదు, ఆ రోజు నుంచే గేట్లు గీయడం మొదలుపెట్టాడు. పక్కకి తెరుచుకునేది గీశాడు. పైకి లేచేది గీశాడు. మొత్తం ఊడదీసి గోడకి ఆనించేది గీశాడు. కోసిన చోట పట్టాలు వెంట్రుకవాసి తేడా వచ్చినా రైలు నేల మీద పడుతుందని బెంగ. లిఫ్టుకీ గుమ్మానికీ మధ్య సందులు చూసి చూసి ఆయనకి సందంటేనే భయం పట్టుకుంది. గేటు తెరిచి ఉన్నప్పుడు కరెంటు ఆగిపోయేలా చేస్తే సరిపోతుందని ఆయనకీ తెలుసు, లిఫ్టు తలుపులకి రోజూ చేసే పనే అది. అయినా గీయడం, కొట్టేయడం, లేచి గదిలో నాలుగడుగులు వేయడం, మళ్ళీ గీయడం.

"బావా, ఇల్లాలిని బయట కూర్చోబెట్టి ఈ గీతలేంటి నీకు?" అని ఒంటికాలి మీద లేచాను.

"కోస్తే మళ్ళీ అతకదు, సూపర్వైజరమ్మా." నన్ను ఆయన పిలిచే పిలుపు అది. "పైగా మీ అక్క చేసిన వంతెన. చేతులెలా వస్తాయి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చేసిన ఊరిని పీకి గోడగోడకీ తిప్పడానికి వచ్చిన చేతులు దీనికి రావట. అక్క మాత్రం ఒళ్ళో అట్ట కోసుకుంటూ కూర్చుంది.

పోయిన వారం అక్క ఫోను చేసింది. "మీ బావ వచ్చే వేళకి ఓసారి రావే."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. రా."

ఆ గొంతు నాకు నచ్చలేదు. పక్క వీధే కాబట్టి పొయ్యి కట్టేసి పరుగున వెళ్ళాను. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. అక్క వంటింట్లో లేదు, హాల్లో లేదు. రైలుగది గుమ్మం బయట స్టూలు ఖాళీగా ఉంది.

"ఇక్కడున్నానే," అంది లోపల్నుంచి.

గది మధ్యలో, బావ కుర్చీలో కూర్చుని ఉంది. వీపు వెనక దిండు, పక్కన ఫ్లాస్కు, రెండు కప్పులు.

"ఎలా వెళ్ళావక్కా అందులోకి?"

బల్లల కింద వైర్లు బిగించడానికి బావకి చక్రాల చెక్క ఒకటుంది, దాని మీద పడుకుని జరుగుతాడు. దాని వైపు చూపించింది. "గుమ్మం పట్టుకుని దాని మీదకి దిగాను. పడుకుని లోపలికి జారాను. బల్ల అంచు పట్టుకుని లేచాను. ఇంకోసారి నా వల్ల కాదు. మోకాలు అప్పుడే వాచింది."

"మతి పోయిందా నీకు?"

"తిట్లేమైనా ఉంటే మీ బావ వచ్చాక ఇద్దర్నీ కలిపి తిట్టు."

బావ వచ్చాడు. చూశాడు. హాల్లోకీ గుమ్మం దగ్గరికీ కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

"ఆ చెక్క మీదే మళ్ళీ..."

"కుదరదండీ."

"ఇద్దరం పట్టుకుని వంతెన మీద నుంచి ఎత్తితే?"

"కేకు అనుకున్నారా నన్ను?"

"ఒక్క నిమిషం," అని జేబులోంచి పెన్సిలు తీశాడు. నిజం! పెళ్ళాం లోపల ఇరుక్కుంటే ఈయన గోడ మీద గేటు గీయబోతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావా! రంపం తీస్తావా, నన్ను తీయమంటావా?"

గబగబా పనిముట్ల సంచీ బోర్లించాడు. సన్నపళ్ళ రంపం ఉండాల్సిన చోట లేదు. "లేదే," అన్నాడు. ఆ మొహంలో ఊరట దాగలేదు.

"నా దగ్గరుంది," అంది అక్క. దిండు వెనక నుంచి తీసి చూపించింది.

పెన్సిలూ కాగితం లేకుండా మా అక్క కూడా ఒక ప్లాను వేసుకుందని అప్పుడర్థమైంది.

"కోద్దురు గానీ, ముందు మీరు ఆ స్టూలు మీద కూర్చోండి. ఒక్క చుట్టు నేను నడుపుతాను."

బావ కూర్చున్నాడు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోవడం అదే మొదలు. అక్క మీట తిప్పింది. రైలు వంతెన మీదుగా మా ముందు నుంచే వెళ్ళి గోడ చాటుకి మాయమైంది. అక్క తల అటు తిప్పి, మాకు కనబడని దేన్నో చూసి నవ్వింది.

బావ మెడ చాచాడు. స్టూలు ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"ఊరేదీ? ఇక్కణ్ణుంచి ఊరు కనబడదేంటి?"

ఊరిని ఆయన ఆఖరిసారి మార్చింది గుమ్మం ఉన్న గోడకే. బయట కూర్చున్నవాళ్ళు ఎంత మెడ సాగదీసినా దాన్ని చూడలేరు.

"కనబడదండీ," అంది అక్క. "వంతెనా, మీ వీపూ కనబడతాయి. నా బేకరీలో దీపం పెట్టారని ఇవాళే తెలిసింది."

"చెప్పచ్చు కదా నాకు?"

"అడిగాను కదండీ."

రైలు చుట్టు తిరిగొచ్చి స్టేషన్లో ఆగింది. బావ లేవలేదు. ఎప్పుడూ ఆడే ఆయన కాలు ఆగిపోయి ఉంది. చెయ్యి చాచి, "ఇలా ఇవ్వు," అన్నాడు. మూడేళ్ళుగా ఆమె ఇళ్ళు లోపలికి అందించిన చోటు నుంచే రంపం బయటికి అందించింది.

పట్టాలు తెగుతుంటే ఆ కీచుకి పళ్ళు జివ్వుమన్నాయి. అట్ట కమానులు మొదటి కోతకే చీలిపోయాయి. అక్క ఏడ్చింది. ఎంత కావాలనుకున్నదైనా తన చేతిపనే కదా. బావ తలెత్తలేదు, ఆగనూ లేదు. రెండో చివర కూడా కోసి, పలకని ఎత్తి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు హాల్లో గోడవారగా పెట్టాడు.

"రా," అన్నాడు.

"నేనెందుకండీ రావడం?" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "టీ చల్లారిపోతోంది. మీరే లోపలికి రండి."

బావ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఎప్పటిలాగే గొంతుక్కూర్చుని, తల వంచుకుని, లేని వంతెన కింద నుంచి దూరి లోపలికి వెళ్ళాడు.

"లేవండి," అంది అక్క. "అడ్డం ఏమీ లేదు."