చదరంగం గెలిచినవాడికి లారీ తాళాలు

మా ఆయన మండపేటలో ఒక రైసుమిల్లు లారీ నడిపేవారు. ఒకరోజు లోడు మీద తాడు బిగిస్తూ జారి కిందపడ్డారు. తలకి దెబ్బ తగిలింది. రాజమండ్రి ఆసుపత్రి నుంచి తెచ్చాక నడిచారు, మాట్లాడారు, మిల్లు అరుగు మీద మళ్ళీ చదరంగం మొదలుపెట్టారు. ఇదివరకటిలాగే గెలిచేవారు.

దాంతో అందరూ నయమైపోయిందన్నారు. అంత తెలివిగా ఆడేవాడి బుర్రకి ఏమవుతుందన్నారు. ఆయన మందుల పేర్లు చదవడం రాక నేను అప్పుడే సాయంత్రాలు ఆడవాళ్ళ క్లాసులో అక్షరాలు దిద్దుతున్నాను. నలభై దాటిన నాకు థకీ ధకీ తేడా నిలిచేది కాదు. తెలివి గురించి మాట్లాడటానికి నేనెవరినని ఊరుకునేదాన్ని.

కానీ ఒకసారి ఆయన సైకిలు వెనక కూర్చుని కాలువ వంతెన మీదుగా వస్తున్నాను. ఎదురుగా బస్సు, పక్కనుంచి ట్రాక్టరు వచ్చాయి. ఆయన కాళ్ళు నేలకి ఆనించి, రెండింటినీ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయారు. నేనే దిగి సైకిలు పక్కకి లాగాను.

రెండో పంట దాళవా కోతలప్పుడు మిల్లు గుమస్తాగారు లారీ తాళాలతో మా ఇంటికొచ్చారు.

"ఇంకెన్నాళ్ళు కూర్చుంటావురా? రేపు లోడుంది."

"ఆయన లారీ ఎక్కరండి," అన్నాను.

"ఏంటమ్మా నువ్వు! నిన్న నా మంత్రిని లాగేసి, ఏడిపించి మరీ ఆట కట్టేశాడు. వీడి బుర్ర పాడైందంటే, మరి నాదేంటంటావు?"

మా ఆయన నవ్వారు. నేను వంతెన సంగతి చెప్పేశాను. ఆ నవ్వు ఆగిపోయింది.

"నలుగురిలో నన్ను పిచ్చోణ్ణి చేస్తావేంటే?"

గుమస్తాగారు తాళాలు మంచం మీద పెట్టారు. మా ఆయన వాటిని చేతిలోకి తీసుకుని చూశారు. తలెత్తకుండానే అన్నారు.

"అది చెప్పింది నిజమేనండి. చదరంగం బల్ల దగ్గరైతే నేను ఆలోచించుకునేదాకా మీరు ఆగుతారు. రోడ్డు మీద ఎవడాగుతాడండి?"

తాళాలు తిరిగి ఇచ్చేశారు. గుమస్తాగారు ఆయన భుజం మీద చెయ్యేసి వెళ్ళిపోయారు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆ లారీ వేరే డ్రైవరుతో మా వీధిలోంచే వెళ్ళింది. చప్పుడు విని ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లారీ మలుపు తిరిగేదాకా విని, "వాడికి సెకండు గేరు సరిగ్గా పడటం లేదే," అన్నారు.