అందరూ వినేలా

మొన్న జగిత్యాలలో సేంద్రియ పంటల మేళా పెట్టారు. మా మహిళా రైతుల తరఫున నేనూ ఒక బల్ల మీద కొర్రలూ కందులూ సర్దుకుంటున్నాను. అంతలో ఎవరో మైకు మీద వేలితో టకటకా కొట్టి ‘హలో, హలో’ అన్నారు. ఆ చప్పుడుకు చేతిలోని కందులు బల్ల మీద వదిలేసి గేటు వైపు చూశాను. పక్కనున్న అమ్మాయి నా ముఖం చూసి, “ఏమైంది ఆంటీ, బీపీ గోలి ఏసుకున్నరా?” అని అడిగింది. వేసుకున్నానని చెప్పాను. అది బీపీ కాదు. ఒకప్పుడు మా వైపు పదిమందిని ఒకచోటికి పిలిచి మాట్లాడడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ రోజుల్లో కూడా ఊరూరా తిరిగి మనుషులను పిలిచి, గింజల గురించీ మట్టి గురించీ మాట్లాడిన ఒక మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆమె పేరు సుగుణ. నేను సుగుణక్క అనేదాన్ని.

మా ఊరు కోరుట్లకు దగ్గర. సుగుణక్క మా ఊరి దొరకు చిన్న బిడ్డ. మాది గుంట భూమి కూడా లేని ఇల్లు. ఆదివారం చర్చికి, మిగతా దినాలు దొర పొలానికి, అదే మా అమ్మానాన్నల బతుకు. అన్నలు, అంటే అడవిలోని నక్సలైట్లు, వచ్చి దొర పొలాల్లో ఎర్రజెండాలు పాతాక ఆ కుటుంబం కోటలాంటి తమ గడి వదిలిపెట్టి హైదరాబాదు వెళ్లిపోయింది. జెండా పాతిన భూమిని దున్నడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. దున్నితే పోలీసులు వస్తారు, దున్నకుంటే గడ్డి మొలుస్తుంది. అట్లా కొన్నేళ్లు గడ్డే మొలిచింది. అప్పుడు వచ్చింది సుగుణక్క, ఒక్కతే. భర్త చనిపోయాడు, పిల్లలు లేరు, కరీంనగర్‌లో చేస్తున్న టీచరు ఉద్యోగం మానేసింది. జహీరాబాదు దిక్కు ఎక్కడో శిక్షణకు పోయి కొత్త రకం సాగు నేర్చుకొచ్చానంది. దాని పేరు పర్మాకల్చర్ అట. ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. అడవిని ఎవరూ దున్నరు, మందులు కొట్టరు, అయినా అది పచ్చగా ఉంటుంది కదా, పొలాన్ని కూడా అట్లా నిలబెట్టుకోవచ్చు అని ఆమె చెప్పేది. గడిలోకి పోలేదు, ఊళ్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. జెండాలు పాతిన భూముల వైపు కన్నెత్తి చూడలేదు. ఊరి బయట, రోడ్డు పక్కన, ఎవరికీ పట్టని ఒక రాళ్ల మెట్ట, మా మాటలో చెల్క, వాళ్ల నాన్న పేరున ఉంటే అక్కడ పని మొదలుపెట్టింది.

నేను ఇంటరు చదివి ఖాళీగా ఉన్నానని తెలిసి ఒకరోజు మా ఇంటికి వచ్చింది. అమ్మ గాబరాపడి పక్కింటి నుంచి కుర్చీ తేబోతే వద్దని చాప మీద కూర్చుంది. మా గ్లాసులో చాయ్ తాగింది. “నీ బిడ్డను నాతోని పంపు. ఊళ్లల్ల ఆడోల్లతోని మాట్లాడేతందుకు మనిషి కావాలె” అని అడిగింది. అమ్మ ఆమె ముందర తల ఊపి, ఆమె పోయాక నా చేయి పట్టుకుంది. “దొరసానికేమన్న అయితె పట్నంల అన్నదమ్ములున్నరు. నీకేమన్న అయితె ఎవలున్నరు బిడ్డ?” అంది. అయినా వెళ్లాను. మా ఇంట్లో చాయ్ తాగిన మనిషి దగ్గర ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది, అంతే.

మా పనికి పేరు పెట్టడమే మొదటి చిక్కు. ‘సంఘం’ అంటే అన్నల సంఘం అనుకుని పోలీసులు పట్టుకుపోయే కాలం. ‘మీటింగు’ అంటే రెండు దిక్కులా అనుమానమే. సుగుణక్క ఆలోచించి, ‘ముచ్చట’ అందాం అంది. అట్లా మాది ముచ్చట అయింది. ఎండుటాకులు పరిచి నేలను ఎండకుండా కాపాడడం, ఒక్క పంటే కాకుండా కందీ పెసరా బబ్బెరా కలిపి వేయడం, ఇంటి గింజ ఇంట్లోనే దాచుకోవడం, ఇవే మా ముచ్చట్లు. సిరిసిల్ల నేతవాడల్లో పగిలిన కుండల్లో బచ్చలి, పొట్లతీగ పెంచడం చూపించాం. ముత్యంపేట దిక్కు చెరుకు రైతుల ఇళ్లకు పోయి, ఆ చెరుకు ఆకు కాలబెట్టకండని బతిమాలాం. బస్సు దిగిన ప్రతిచోటా ముందు నేను రోడ్డుకు అటూ ఇటూ చూసేదాన్ని. జీపు ఉందా, కొత్త మనుషులు ఉన్నారా అని. ఆమె నేరుగా నడిచి వెళ్లేది. అందుకే ఆమెకు భయం లేదని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి ముచ్చట ఉన్న పొద్దున ఆమె ఇంటికి తొందరగా పోతే, పెరట్లో గోడ పట్టుకుని వాంతి చేసుకుంటూ కనిపించింది. కొంగుతో మూతి తుడుచుకుని, “గింజల సంచి పట్టుకో, బస్సు పోతది” అంది. తర్వాత గమనిస్తే ముచ్చట ఉన్న ప్రతి పొద్దునా అంతే. మెతుకు కూడా ముట్టేది కాదు.

చెల్క మీద పడ్డ వాన నిలవాలని ఏటవాలుకు అడ్డంగా కందకాలు తవ్వించింది. తవ్వినవాడు లింగయ్య. మా వాడవాడే, నాకు అన్న వరస. నెమ్మదస్తుడు. తవ్వకం సగమైన రోజు మధ్యాహ్నం పోలీసు జీపు ఆగింది. ఎస్సై దిగి కందకం అంచున నిలబడి లోపలికి చూశాడు. ఆ నెలల్లోనే ఎక్కడో మందుపాతర పేలి పోలీసులు చనిపోయారు. అప్పుడు మాకు ఆ సంగతి తట్టలేదు. అతనికి అది తప్ప ఇంకేమీ తట్టలేదు.

“రోడ్డు పక్కన ఇంత లోతు గుంటలు ఎందుకమ్మా?” అన్నాడు.

“వాన నీల్లు ఆగేతందుకు సారు. ఒక వాన పడ్డంక రాండ్రి, నేనే చూపెడత.”

“తవ్వింది ఎవరు?”

పార పట్టుకుని నిలబడ్డ లింగయ్య, “నేనే సారు” అన్నాడు. దాచిపెట్టాల్సిన సంగతి అని వాడికి తెలియదు. వాడిని జీపు ఎక్కించుకుని వెళ్లిపోయారు.

ఆ రోజుల్లో స్టేషనుకు పోయిన మనిషి తిరిగి వస్తాడని ఎవరూ అనుకునేవారు కాదు. మర్నాడు పొద్దున్నే సుగుణక్క చెప్పులు వేసుకుంటుంటే నేను అడ్డం నిలబడ్డాను. “టేషన్‌కు పోతె అన్నలు ఊకుంటరా అక్కా? ఇన్‌ఫార్మర్ అనుకుంటరు” అన్నాను. ఆ ఒక్క మాట పడ్డవాళ్లు ఆ తర్వాత శవాలై ఎట్లా కనిపించేవాళ్లో ఇద్దరికీ తెలుసు. “తెలుసు మార్తా. గని తవ్వుమన్నది నేను గదా” అని ఆమె నడిచింది. నేనూ వెంట వెళ్లాను. స్టేషను లోపలికి పోలేదు, గేటుకు ఎదురుగా రోడ్డు వారన కూర్చుంది. “లోపలికి పోతె ఏం మాట్లాడిన్నో ఎవలకు తెల్వది. గీడ కూసుంటె వచ్చెటోల్లు పోయెటోల్లు సూస్తరు” అంది. ఎండ నెత్తి మీదికి వచ్చి దిగిపోయింది. సాయంత్రం ఒక కానిస్టేబుల్ వచ్చి, ఎస్సై రమ్మంటున్నాడని ఆమెను ఒక్కదాన్నే లోపలికి తీసుకుపోయాడు. ఎంతసేపో నాకు తెలియలేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె భుజం మీద లింగయ్య చెయ్యి ఉంది. రెండు పాదాలూ నేల మీద ఆనించలేకపోతున్నాడు.

వాడు ప్రాణంతో వచ్చాడు. దాంతో ఆమె ప్రాణం చిక్కులో పడింది. కొద్ది రోజులకు ముత్యంపేట దిక్కు నుంచి చెరుకు తోటల మధ్య బాటలో ఇద్దరం నడిచి వస్తున్నాం. పట్టపగలు. చెరుకులోంచి ఇద్దరు బయటికి వచ్చారు. ఒకతను పొట్టిగా, మెడలో తువ్వాలతో ఉన్నాడు. మాట్లాడిందంతా అతనే. గొంతు పెంచలేదు.

“టేషన్ లోపల ఏం మాట్లాడినవ్?”

“లింగయ్యను ఇడువుండ్రి అని అడిగిన. కందకాలు వాన కోసం అని చెప్పిన. గంతే.”

“గంతే అనేతందుకు సాక్షి ఎవలు?”

లోపలికి పోయింది ఆమె ఒక్కతే. నేను గేటు బయటే ఉండిపోయాను.

“దొర బిడ్డవు. పోలీసోల్లతోని మాట కలిసింది. ఏమైతదో ఎరికే గదా” అన్నాడతను. “అంగట్ల గింజల ముచ్చట పెడ్తున్నవట. పెట్టు. మేం సూస్తం.”

వాళ్లు చెరుకులోకి పోయాక ఆకుల చప్పుడు ఆగేదాకా ఇద్దరం కదల్లేదు. తర్వాత ఆమె, “నీల్లున్నయా మార్తా?” అని అడిగింది. సీసా ఇస్తే తాగి మూత పెట్టింది. ముచ్చట ఆపేద్దాం అక్కా అని ఏడ్చాను. ఆమె నడుస్తూనే చెప్పింది. “ఆపితె నా దగ్గర దాసుకునేది ఏదో ఉన్నదనుకుంటరు. పెడదాం. నువ్వు రాకు.”

వారం వారం సాగే ఆ అంగడి పక్క ఊరిది. మైకు అద్దెకిచ్చేవాడిని అడిగితే అతను కూడా భయపడి లేదన్నాడు. చెట్టు కింద గోనెపట్టలు పరిచి గింజలు పెట్టాం. రావద్దంటే నేను వెళ్లకుండా ఉండలేదు. నన్ను పంపి ఉండలేక మా అమ్మ కూడా వచ్చింది, కొంగులో సొర గింజలు కట్టుకుని. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే చేరారు. అనప, చిక్కుడు, పచ్చజొన్న. ఒకరి దగ్గర లేనిది ఒకరు తీసుకుంటున్నారు. కొంచెం ఊపిరి ఆడుతోంది అనుకునేటప్పటికి అంగడి చివర పోలీసు జీపు ఆగింది. అదే ఎస్సై. నేను తల తిప్పితే, మిరపకాయల కుప్ప దగ్గర అదే పొట్టి మనిషి, అదే తువ్వాల. అతని చెయ్యి తువ్వాల కింద ఉంది.

సుగుణక్క కూడా చూసింది. “చేతులు ఆపకు. గింజలు పంచు” అని మెల్లగా అంది.

ఎస్సై జీపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపాడు. “అమ్మా, ఒక్కసారి ఇటు రండి.”

ఆమె అడుగు వేస్తే చాలు. జీపు దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడితే, మిరపకాయల దగ్గరున్న మనిషికి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. పోకపోతే ఎస్సై ఊరుకోడు. ఆమె రెండు దిక్కులా చూసి, గోనెపట్టల నడుమ ఆడవాళ్ల మధ్యలో నేల మీద కూర్చుంది. కూర్చుని, క్లాసులో చివరి బల్లకు వినిపించే ఆ టీచరు గొంతుతో అంది. “ఏమడుగుతరో గీడికచ్చి అడుగుండ్రి సారు. అందరు వింటరు.”

అంగడి అంతా ఆగిపోయింది. మా అమ్మ జరిగి జరిగి ఆమె భుజానికి ఆనుకుని కూర్చుంది. చూస్తుండగానే ఇంకొందరు ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. ఎస్సై ముఖం ఎర్రబడింది కానీ, ఇంతమందిలో ఏం చేస్తాడు, నడిచి వచ్చాడు. ఆమె ముందు నిలబడి అడిగాడు. “కొత్తవాళ్లెవరైనా వచ్చారా ఇక్కడికి?”

“గింజలకచ్చినోల్ల పేర్లు నేనడుగ సారు. ఆ దినం టేషన్‌ల గూడ గదే చెప్పిన. కందకాలు వానకు, గింజలు పొలానికి. నాకు ఇంకో ముచ్చట తెల్వది.”

“అవును, అదే చెప్పావులే” అన్నాడు ఎస్సై విసుగ్గా.

ఆ విసుగు మాటే ఆమెకు సాక్ష్యం అయింది. అతనికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. గోనెపట్టలు బూటుతో కదిపి చూసి, పొద్దు మునగకముందే ఎత్తేయమని చెప్పి వెళ్లిపోయాడు. జీపు పోయాక పొట్టి మనిషి మా దగ్గరికి వచ్చి నా ముందు దోసిలి పట్టాడు. అనపగింజలు పోశాను. సగం కింద పడ్డాయి. “ఎప్పుడెయ్యాలె?” అని అడిగాడు. తొలకరికని చెప్పాననుకుంటాను. అతను వంగి కింద పడ్డవి కూడా ఏరుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె జోలికి ఎవరూ రాలేదు. కానీ రారని ఎవరూ చెప్పలేదు. అందుకే ఆ భయం ఏళ్లతరబడి మాతోనే ఉంది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాళ్లం, బస్సులో వెనక సీటులో కొత్త మనిషి కూర్చుంటే ముందు స్టాపులోనే దిగేవాళ్లం. లింగయ్య కాళ్లు నయమయ్యాక మహారాష్ట్రలోని భీవండి వెళ్లిపోయాడు. చెల్కలో మాత్రం కందకాలు నిండాయి, సీతాఫలం, కానుగ, కంది పెరిగాయి. పని చేసినవాళ్లందరికీ పంటలో వంతు పెట్టేది. మా ముచ్చట్లు ముస్తాబాద్ దాకా పాకాయి.

అన్ని తుపాకుల నడుమ బతికిన మనిషి చివరికి జగిత్యాల ఆసుపత్రిలో మామూలు జబ్బుతో, మంచం మీద పోయింది. మాకు అది ఎంత అదృష్టంగా అనిపించిందో బయటివాళ్లకు చెప్పలేను. పోవడానికి కొన్ని రోజుల ముందు నేను ఆమె కాళ్లు ఒత్తుతూ, ఆ దినం అంగట్లో అంత ధైర్యం ఎట్లా వచ్చిందక్కా అని అడిగాను.

ఆమె నవ్వింది. “ధైర్యమా? కాళ్లు గడగడ వనుకుతున్నయే. నిలవడితె అందరికి కనవడ్తదని కూసున్న. కూసున్నంక నోట్లెకెల్లి గా మాట అచ్చింది.”

దహనానికి లింగయ్య భీవండి నుంచి వచ్చాడు. ఇప్పటికీ కొంచెం కుంటుతాడు. చితి చల్లారేదాకా నిలబడి, “గా పొద్దు గేటు ముంగట కూసోకపోతె నేను లేకపోదును చెల్లె” అని మాత్రం అన్నాడు.

ఇప్పుడు మా వైపు అడవుల్లో తుపాకులు లేవు. ముచ్చట నడిపేది నేనే. నా దగ్గరికి వేరే రకం వాళ్లు వస్తారు. విత్తన కంపెనీ మనిషి వస్తాడు, ఎన్నికలప్పుడు నాయకులు వస్తారు, ఆఫీసరు వస్తాడు. అందరూ ఒకటే మాట అంటారు, ‘అమ్మా, ఒక్కసారి పక్కకు రండి’ అని. ఆడవాళ్లందరూ నా వైపు చూస్తారు. నాకు భయమేస్తుంది, ఈ వయసులో కూడా. నేను మా వాళ్ల నడుమ చాప మీద కూర్చుంటాను. మోకాళ్ల మీద కొంగు సర్దుకుని, ఏదున్నా ఇక్కడే చెప్పండి సారు అంటాను.