ఏడుగురు చూసిన నడుము

మాణిక్యాంబక్క ఏ సంగతైనా ఒక్కరు చెబితే నమ్మదు. రెండో మనిషిని అడిగి తీరాల్సిందే. గోడ గడియారం నాలుగు చూపిస్తే ఫోనులో చూస్తుంది. ఫోనులోనూ నాలుగే ఉంటే, కిటికీలోంచి తొంగిచూసి దారిన పోయేవాళ్ళని అడుగుతుంది. కరోనా రోజుల్లో నెగెటివ్ అని మెసేజ్ వస్తే, "వీళ్ళకేం తెలుసు?" అని ఇంకోచోట మళ్ళీ ముక్కు చూపించుకొచ్చిందట.

ఒకసారి అబుదాబిలో బస్సు బనియాసే వెళుతుందని డ్రైవరు చెప్పినా వినక, కిందికి దిగి, కిటికీ పక్క సీటాయన్ని అడిగింది. ఆయన అవుననేలోగా బస్సు బనియాస్ వెళ్ళిపోయింది.

మా ఆయన పోయిన రెండో నెలలో మా అబ్బాయి ప్రమోద్ నన్ను అబుదాబి శివారులోని ఆ బనియాస్‌కే తీసుకొచ్చాడు. విల్లాలో ఒక గది మాది, పక్క గది అక్కది. వాడు తెల్లారకముందే గోడౌన్‌కి వెళితే చీకటిపడ్డాక వస్తాడు. రోజంతా నాతో మాట్లాడేది ఏసీ ఒక్కటే. ఏడాది మైల తీరేదాకా ఒకరి గడప తొక్కకూడదు కదా, మంచం దిగే పనే ఉండేది కాదు. అలా గోడకి తిరిగి పడుకుని పడుకుని నడుము పట్టేసింది. వంగితే లేవలేను, లేస్తే కూర్చోలేను.

"తగ్గకపోతే ఊరికి పంపించేస్తానమ్మా, అక్కడ చూపించుకో. ఇక్కడ నిన్ను చూసుకునేదెవరు?" అన్నాడు ప్రమోద్. ఊళ్ళో మాత్రం ఎవరున్నారు? తాళం తీస్తే ఆయన చొక్కాలు ఉంటాయి.

వాడికి సెలవు దొరకలేదు. క్లినిక్‌కి అక్క తీసుకెళతానంది.

"మైలలో ఉన్నానక్కా, గడప తొక్కకూడదు."

"డాక్టరు గడప గడపేటి? వైద్యానికి మైల ఉండదు. యల్లా, పద!"

ఇరవై ఏళ్ళు అరబ్బుల ఇళ్ళలో వండిన మనిషి కనుక అక్కకి హిందీ, అరబ్బీ వచ్చు. నాకు రెండూ రావు. డాక్టరు నన్ను వంచి, లేపి, పావుగంట హిందీలో మాట్లాడాడు. అక్క మధ్యలో రెండుసార్లు ఏదో అడిగింది. ఆయన అదే మాట గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు.

"ఏమన్నాడక్కా?"

"ఈయనకి సరిగ్గా తెలీటంలేదు చెల్లెమ్మా. ఇంకొకళ్ళనడుగుదాం."

మర్నాడు ఎండ తగ్గాక మసీదు అవతల టైలర్ జిలానీ బాషా దగ్గరికి నడిపించింది.

"టైలరేంటక్కా?"

"ముప్పయ్యేళ్ళుగా జనం నడుములు కొలుస్తున్నాడు. ఆయనకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

జిలానీ బాషా చాలా మర్యాదగా దూరం నుంచే చూసి, "ఎడమ భుజం అర ఇంచి దిగిందమ్మా. బ్లౌజయితే సరిచేద్దును" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో, నడుము కలుక్కుమంది.

ఆ తర్వాత సర్వర్ బేగం. నిజామాబాదు మనిషి, నాలుగు వీధుల అవతల ఉంటుంది. గుమ్మం ముందు నేను ఆగిపోయాను.

"అక్కా, ఇది ఇల్లు కదా!"

"ఇల్లెందుకవుద్ది? ఆవిడ పదకొండు కాన్పులు చేసింది. ఇది ఆస్పత్రే!"

ఆస్పత్రిలో మాకు చాయ్ ఇచ్చారు. "కూసో చెల్లె, నడుము యాడికి పోతది, తర్వాత జూద్దాం. ముందు జెప్పు, నీ లగ్గమై ఎన్నేండ్లాయె?" అంది బేగం.

ముప్ఫై నాలుగేళ్ళని చెప్పాను. ఆయన ఉప్పు ఎక్కువైనా లొట్టలేసుకుంటూ తినేవారని చెప్పాను. ఈ దేశంలో దిగాక ఆయన గురించి నేను నోరు తెరవడం అదే మొదలు. లేచేసరికి చాయ్ మూడుసార్లు అయింది, నడుము సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఈవిడకీ తెలీలేదు, పద" అంది అక్క బయటికొచ్చి.

అలా ఏడుగురిని అడిగాం. విచిత్రమేమిటంటే, ప్రతి వైద్యుడూ ముందువాడికన్నా దూరంగా ఉండేవాడు. ఏడో ఆయన పార్కు కాపలాదారు. ఆయన సలహా కోసం పార్కు చుట్టూ రెండుసార్లు తిరిగాం, ఆయన ఏ గేటు దగ్గరున్నాడో అక్క ఇద్దరిని అడిగింది కనుక.

నేను బనియాస్ వచ్చిన నాలుగో నెలలో ప్రమోద్ సెలవు పెట్టి నన్ను మొదటి డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాడు. నేను చకచకా వంగి లేచాను. ఆయన ఏదో అన్నాడు, వీడు పకపకా నవ్వాడు.

"ఏంట్రా?"

"ఎముకలో ఏమీ లేదని మొదటిరోజే చెప్పాడటమ్మా. మందులొద్దు, రోజూ నడిపించండి, నలుగురితో మాట్లాడించండి అన్నాడట. నిజమేనా అని అక్క రెండుసార్లు అడిగిందట. ఇంక ఊరెందుకులే, నువ్వు బానే ఉన్నావు."

తిన్నగా అక్క గదికి వెళ్ళాను. బెండకాయలు తరుగుతోంది.

"మొదటిరోజే తెలుసట కదా నీకు?"

కత్తి ఆగింది. "తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నడిచేదానివేటి? ఏడాది తీరాక చూద్దాంలే అని మళ్ళీ గోడకి తిరిగేదానివి." మరో కాయ తరిగి, తలెత్తకుండా అంది, "ఏదైతేనేం, తగ్గిపోయింది. ఇంక ఖలాస్. సాయంత్రాలు నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటా."

ఆవిడకి సాయంత్రం పనేమీ ఉండదని నాకు తెలుసు. గోడకి చెవి ఆనించి మూడు నెలలు విన్నదాన్ని. ఆ గదిలోనూ ఏసీ ఒక్కటే మాట్లాడుతుంది.

"అక్కా, రెండు రోజులుగా మోకాలు పట్టేస్తోంది" అన్నాను.

"ఏ మోకాలు?"

అది నేనింకా ఆలోచించుకోలేదు. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.