కుండ లోపలి సున్నపు గీత

ఆ రోజు కరువు పనిలో చెరువు మట్టి మోస్తూ నుదురు తడుముకుని చూసుకున్నాను. పొడిగా ఉంది. తక్కిన ఆడవాళ్ల రవికెలు వీపులకు అంటుకుపోయాయి. నాకు తల పగిలిపోతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి, కానీ లోపల ఒకటే సంతోషం. నేను చెప్పిందే నిజమైందని.

నేను చెప్పింది ఇది. పందొమ్మిదొందల అరవై దాటాక మాకు వరసగా వానలు తప్పాయి. పామిడి దగ్గర మా ఊరి బావి ఎండిపోయింది. పెన్నలో ఇసుక తవ్వి, చెలమలో ఊరే నీళ్లను చిప్పతో తోడుకోవాలి. ఒక కుండ నిండేసరికి పొద్దు బారెడెక్కేది. అంత కష్టపడి తెచ్చిన నీళ్లు తాగి మనుషులు ఏం చేస్తున్నారు? చెమటగా కార్చేస్తున్నారు. ఎక్కువ తాగినవాళ్లకే ఎక్కువ చెమట. నా చదువు మూడో తరగతితో ఆగినా ఇంతమాత్రం నాకు తట్టింది: తాగకపోతే కారదు.

కుండ లోపల సున్నంతో గీత గీశాను. సాయంత్రం దాకా నీళ్లు ఆ గీత కిందికి దిగకూడదు. పిల్లలకు అడ్డు చెప్పలేదు. పెద్దవాళ్లకు పూటకొక చెంబు. నాకు అర చెంబు. ఎనుముకు మాత్రం మధ్యాహ్నం కుండెడు నీళ్లు వీపున పోయించేదాన్ని. పోయకపోతే అది పాలు తగ్గిస్తుంది.

"ఈ ఇంట్లో ఎనుమై పుట్టింటే బాగుండు అత్తా" అనేది కోడలు నాగమ్మ.

"పుట్టు. పొద్దునకు నాలుగు శేర్లు పాలియ్యి, నీకూ పోస్తా" అనేదాన్ని నేను.

అలా పది రోజులు గడిచాయి. మూత్రం చిక్కటి టీ రంగుకు తిరిగింది. అది కూడా తక్కువే వస్తోందని మురిసిపోయాను. ఎండకు కాపలాగా కొంగున ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, కట్టుకున్నాను, ఇక నాకేమవుతుంది?

చెమట ఆగిన రోజు మధ్యాహ్నం ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. తర్వాత నాగమ్మ చెప్పింది. నేరుగా కొట్టంలోకి పోయి ఎనుము మెడ పట్టుకుని, "నిజం చెప్పు నాగమ్మా, ఎన్ని చెంబులు తాగినావే? కడుపు చూస్తే తెలుస్తాండాది" అని నిలదీశానట. ఎనుము జవాబివ్వలేదని పొగరుబోతు అని తిట్టి, అక్కడే పడిపోయానట. నాగమ్మ ముట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది. ఎనుము కోసం పెట్టిన కుండ ఎత్తి నా మీద కుమ్మరించింది. అంత స్పృహ లేనిదాన్ని కూడా కళ్లు తెరిచి, "అయ్యో, కుండెడు నీళ్లు!" అని అరిచానట.

నా కొడుకు ఓబులేసు బండి కట్టాడు. దారి పొడుగునా నాగమ్మ తడిగుడ్డ ఆరనివ్వలేదు. ఆసుపత్రిలో టెంపరేచర్ చూస్తే ఇంకా నూట నాలుగు. తడి దుప్పటి చుట్టి, సెలైన్ పెట్టారు. మరునాటికి నాకు తెలివొచ్చింది.

డాక్టరు చిన్న వయసు మనిషి. "ఇది హీట్ స్ట్రోక్ అవ్వా. ఒళ్లంతా డీహైడ్రేషన్. నీళ్లెందుకు తాగలేదు?"

చెమట సంగతి, ఎనుము సంగతి వివరంగా చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెమట దండగ గాదవ్వా. అది ఆరితేనే ఒళ్లు చల్లబడేది. నీ ఎనుముకు చెమట సరిగా పట్టదు, అందుకే దానికి పైన నీళ్లు కావాల. నీకు దేవుడు చెమట ఇచ్చినాడు, దాన్ని నువ్వే ఆపుకొంటివి. ఆ కుండెడు నీళ్లు పోయకపోయింటే నువ్వు ఈడిదాకా వచ్చేదానివి గాదు."

నేను నాగమ్మ వైపు చూడలేదు. సెలైన్ బాటిల్ సగమయ్యేసరికి నర్సమ్మను పిలిచి, "చాలమ్మా, మిగిలింది రేపటికి పెట్టు" అన్నాను.

"రేపటికి పెట్టుకొనేకి ఇది ఊరగాయా అవ్వా?" అని ఆమె కసిరింది. దుప్పటి మార్చేటప్పుడు దొరికిన ఎర్రగడ్డను పారేయబోతే మాత్రం అడ్డుపడ్డాను. అది నిక్షేపంగా ఉంది.

ఉప్పేసిన మజ్జిగ, గంటకొక చెంబు నీళ్లు తాగమని చెప్పి నాలుగో రోజు ఇంటికి పంపారు. నాగమ్మ చెంబు చేతికిచ్చేది. ఆమె అటు తిరగగానే నేను రెండు గుక్కలు తాగి మిగతాది కుండలో పోసేదాన్ని. ప్రాణం మీదికి వచ్చినా చేతి అలవాటు పోలేదు. రెండో రోజు విత్తనం శెనక్కాయలు ఒలుస్తూ కళ్లు తిరిగి పక్కకు ఒరిగిపోయాను.

నాగమ్మ నన్ను పడుకోబెట్టి, నేరుగా కుండ దగ్గరికి పోయి తొంగిచూసింది.

"పొద్దున్నుంచి ఆరు చెంబులిచ్చినా. నీళ్లు గీత మీదనే ఉండాయి. యాడికి పోయినాయి అత్తా?"

"ఊరినాయేమో."

"కుండలో ఊట పుడితే పెన్నకు పోయేదెందుకు?"

ఆమె నా గీతను తడిచేత్తో తుడిచేసి, సున్నం ముంచి జానెడు కింద కొత్త గీత గీసింది. "పొద్దు వాలేలోగా నీళ్లు దీని కిందికి దిగాల. దిగకపోతే మిగిలినవన్నీ నీ నెత్తిన పోస్తా."

పోస్తుంది కూడా. ఒకసారి పోసిన చెయ్యి. కానీ గీత వంకరగా వచ్చింది. రోజూ తిన్నగా ముగ్గేసే చెయ్యి అది. నేను పోతానేమోనని ఈ పిల్ల ఇన్నాళ్లూ భయపడిందని అప్పుడు తెలిసింది. చెంబు అడిగి తీసుకుని, ఆమె ఎదుటే అడుగుదాకా తాగాను.

ఇప్పటికి నాలుగు ఎండాకాలాలు గడిచాయి. చెమట ధారగా కారుతుంది, తుడుచుకుంటాను, మళ్లీ తాగుతాను. ప్రతిసారీ లోపల కొంచెం కలుక్కుమంటుంది, అబద్ధమెందుకు చెప్పాలి. పొద్దు వాలేటప్పుడు నాగమ్మ కుండలోకి తొంగిచూస్తుంది. ఎనుముకు ఎప్పటిలాగే పోస్తాం. దానికి క్షమాపణ చెప్పలేదు గాని, పొగరుబోతు అనడం మానేశాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా ఎండకు ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, బండి కోసం పరుగెత్తే ముందే నీడకు లాగి, ఇంట్లో ఉన్న నీళ్లు ఒంటి మీద పోయండి. ఆసుపత్రి ఆ తర్వాత. నీళ్లు పాడు చేస్తున్నారని నాబోటిది అరుస్తుంది. అరవనివ్వండి. అరుస్తోందంటే బతికే ఉంది.