బావి మీద లేచిన అపార్టుమెంటు

మా అపార్టుమెంటు కింద ఒక బావి ఉంది. ఈ పొద్దుటి దాకా ఆ సంగతి తెలిసినవాళ్ళలో బతికున్నది నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళు మోశాను. ఇక నావల్ల కాలేదు, మీకూ చెబుతున్నాను.

తిరుపతి ఊరి చివర మా వీధిలో మొదట అన్నీ చిన్న మిద్దెలే. ఒక్కొక్కటే పడగొట్టి అయిదేసి అంతస్తులు లేపారు. మా వాకిట్లో బట్టలు ఆరేంత ఎండ కూడా మిగల్లేదు. చివరికి మేమూ స్థలాన్ని బిల్డరుకు ఇవ్వాలనుకున్నాం. మూలన మామగారి కాలంనాటి బావి ఉండేది. అది కనబడితే ఆ మూల వదిలి కడతారనీ, మా వాటా తగ్గుతుందనీ ఎవరో అన్నారు. పాత ఇంటి ఇటుకలూ మట్టీ మా ఆయన అందులోనే పోయించి, పైన చదును చేయించారు.

ఇంజనీరు వచ్చి స్థలమంతా తిరిగి చూశాడు.

"ఈడ పాత బావి ఏమన్నా ఉండిందామ్మా? పూడ్చినారా?"

మా ఆయన తలదించుకున్నారు. నేనే బదులిచ్చాను.

"లేదప్పా. మా మామ కాలంలో ఇదంతా సెనిక్కాయ చేను."

స్థలం నడిమధ్యలో మాత్రం మట్టి పరీక్ష చేసుకుని వెళ్ళిపోయాడు.

ఎందుకంత సులువుగా వచ్చింది ఆ మాట? ఏమీ కాదని నిజంగానే నమ్మానా? నమ్మితే, మా వాటాలోంచి నేను మా చెల్లెలికి ఇస్తానన్న ఫ్లాటు సరిగ్గా ఆ మూలనే వచ్చినప్పుడు, గాలి రాదని సాకు చెప్పి, పట్టుబట్టి, బిల్డరు చేత దాన్ని అవతలి వైపుకు ఎందుకు మార్పించాను? అంటే నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఆ మూల ఫ్లాటు ఐరాల నుంచి వచ్చిన సుజాత కొనుక్కుంది. నర్సు. అత్త, చిన్న కూతురు ఉన్నారు. నన్ను అక్కా అని పిలుస్తుంది.

మా ఆయన పోయాక ఆ భయం నా ఒక్కదానికే మిగిలింది. మొన్నటి వానలకు సుజాత వంటింటి తలుపు మూస్తే పడడం లేదని చెప్పింది. చెక్క ఉబ్బిందేమో అన్నాను. నిన్న పార్కింగులోకి దిగితే ఆ మూల నేల కుంగి ఉంది. గుండ్రంగా. పక్క స్తంభం మీద వెంట్రుకంత పగులు. దాని మీద చెయ్యి పెట్టాను. 

ఈరోజు పొద్దున సుజాత తలుపు కొట్టి అంతా చెప్పాను. ఆమె అరవలేదు. ఒకటే అడిగింది.

"అందుకేనా మీ చెల్లిని అవతలికి మార్చినారు?"

"అవును."

లోపలికి వెళ్ళి బిడ్డకు చెప్పులు తొడిగింది. అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నా వైపు చూడలేదు. నేను మిగతా తలుపులు కూడా కొట్టాను.

ఇప్పుడు అందరూ వీధిలో నిలబడి ఉన్నారు. ఇంజనీరు కోసం ఎదురుచూస్తున్నాం. నా పక్కన ఎవరూ లేరు, మా చెల్లెలు కూడా. భయం తగ్గలేదు. అయినా చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి లోపలి దాకా అందుతోంది.