దవాఖానలో మాటల రేషను

కిరసనాయిలు, చక్కెర, జొన్నలు అన్నీ కొలిచి ఇచ్చే యుద్ధం రోజులవి. నాకింకా పెళ్లి కాలేదు. బడికి పెద్దగా పోకపోయినా లెక్కలు సొంతంగా నేర్చుకుని, లోకంలో సమంగా పంచలేని వస్తువే ఉండదని నమ్మేవాణ్ణి. బండి మీద బస్తాల బరువు సమంగా పంచి చూపించబోయి, కిందపడి కాలు విరగ్గొట్టుకుని సిద్దిపేట దవాఖానలో చేరాను (ఎడ్లు నా లెక్క పూర్తయ్యేదాకా ఆగలేదు).

మా వార్డు సిస్టరమ్మ ఏం చేయబోతున్నదో, ఎంత నొస్తుందో చెప్పి మరీ చేసేది. ఆమె మాట వినపడనిదే ఎవరికీ గోళీ మింగబుద్ధి అయ్యేది కాదు. కానీ ఆమె పలకరిస్తే చాలు, తొగుట ఊరి నుంచి వచ్చి చేరిన పెద్దాయన తన బర్రె ఈనిన సంగతి ఎత్తుకుంటే దూడ పెద్దదయ్యేదాకా వదిలేవాడు కాదు. కట్లు మార్చేసరికి పొద్దు వాలేది. ఒకరోజు డాక్టరుగారు సిస్టరమ్మతో "రేపట్సంది నోరు మూసుకొని పనిచెయ్యి, లేకుంటే వేరే సిస్టరును పిలిపిస్త" అన్నారు. ఆ వేరే సిస్టరు గొంతు ఎలా ఉంటుందో సిద్దిపేటలో ఎవరికీ తెలియదు. వార్డంతా బిక్కచచ్చిపోయింది.

నేను మంచం మీంచే చెయ్యెత్తాను. "డాక్టర్ సాబ్, మాటలకు గూడ రేషను పెడదాం. రోగం ఎక్కువున్నోళ్లకు ఎక్కువ, తక్కువున్నోళ్లకు తక్కువ. ఒకరి వంతు ఇంకొకరికి ఇయ్యొద్దు." ఆయనకు నచ్చింది. నేను మంచాల వరుస చూసి వంతులు వేశాను. పనులు వేళకు కాసాగాయి. తొగుట పెద్దాయన మాత్రం వంతు పెంచుకోవడానికి మూలగడం నేర్చుకున్నాడు.

విరిగిన నా కాలికి కట్టిన చెక్కలు విప్పే రోజు సిస్టరమ్మ వచ్చి మౌనంగా నిలబడింది. "నొస్తదా సిస్టరమ్మా?" అన్నాను. ఆమె డాక్టరుగారి వైపు చూసింది. "నీ వంతెంత?" అని ఆయన నన్నడిగారు. మంచాలన్నీ చూసి లెక్కవేసినవాడికి తాను పడుకున్న మంచం కనబడలేదు.

పక్క మంచంలోని జ్వరం అవ్వ "నా వంతు గా పిలగానికియ్యి బిడ్డా" అంది.

"ఇయ్యొద్దని వాడే చెప్పిండు గద" అన్నారు డాక్టరుగారు.

"అయితే నాతోనే మాట్లాడుతది. వాడు ఇంటె నీకేంది?"

సిస్టరమ్మ నా కాలు పట్టుకుని అవ్వ ముఖంలోకి చూసింది. "అవ్వా, చెక్కలు ఇప్పుతున్న. జర సురుక్కుమంటది. ఊపిరి బిగవట్టకు."

"సరే బిడ్డా" అని అవ్వ తన మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"అయిపోయిందవ్వా. ఇగ మెల్లగ నడుస్తవు."

అవ్వ వెంటనే లేచి తలుపుదాకా నడిచి చూపించింది. ఆమె వెనకే నేనూ నడిచాను.

ఇప్పుడు నడివయసులో దవాఖానకు వెళితే, గోళీ చేతిలో పెట్టి మాట్లాడకుండా పోయేవాళ్లే ఎక్కువ. నేను పక్క మంచం వైపు చెవి పెడతాను. అక్కడ ఎవరికైనా "జర నొస్తది" అని చెబుతుంటే, ఇక్కడ నేను మంచం పట్టె గట్టిగా పట్టుకుంటాను.