మా వాకిట్లో ఎండిన గుర్రపుడెక్క

నా చిన్నప్పుడు మేం సైదాబాద్ చివర అద్దెకుండేవాళ్లం. ఒంగోలు పక్క మెట్ట ఊరి నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చినవాళ్లం. మా వీధి దాటితే దిల్‌సుఖ్‌నగర్ వైపు అంతా పొలాలు, మధ్యలో ఒక కుంట. అరవై తొమ్మిదిలో ఉద్యమం ముదిరి, బడులు మూసేశాక, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని గోడల మీద రాశారు. మా గుమ్మం పక్కనా రాశారు. అది చదివి నాకు భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అంతకు ముందు నాన్న ఎవరో ఆఫీసరు బంగళా తోటలోంచి ఒక నీటి మొక్క తెచ్చారు. ఉబ్బిన కాడలు, ఊదారంగు పూలు. నాయనమ్మ దాన్ని పెరటి తొట్టిలో పెంచి, పూలు దేవుడికి పెట్టేది. పూజ చేసిన పూలు నలుగురూ తొక్కే చోట వేయకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకని వాడిన పూలనూ, తొట్టి నిండి పొర్లిన మొక్కలనూ కలిపి భక్తిగా కుంటలో వదిలేది. దేవుడి పూలు పూసిన మొక్కలు కదా, చెత్తకుప్పలో వేయడానికి ఆమెకు చేతులు రాలేదు. ఆ మొక్కకు ఇంకేం కావాలి? వానలు పడేసరికి నీళ్లు కనిపించకుండా కుంటంతా కమ్ముకుంది. దాని పేరు గుర్రపుడెక్క అనీ, ఏదో పరాయి దేశం నుంచి అందం కోసం తెచ్చుకున్న పీడ అనీ మాకు తరవాత తెలిసింది.

పక్కింట్లో నల్గొండ పల్లె నుంచి వచ్చిన ఒకావిడ గేదెల పాడితో పిల్లలను సాకేది. ఒకరోజు ఆమె దూడ ఆ పచ్చదనాన్ని నేల అనుకుని అడుగుపెట్టి, మునిగి, చావు తప్పి బయటపడింది. ఆమె వీధి జనాన్ని వెంటేసుకుని మా గుమ్మం ముందు నిలబడింది.

“ఏందమ్మా గిది? మీ దేవునికి పెట్టినయి మా నీళ్లల్ల పారేస్తరా? నా బర్రెలు ఏడ తాగాలె? మీరు గూడ గీ చెట్టు లెక్కనే, జర జాగ ఇస్తె అంత మీరే నిండిన్రు. పోన్రి మీ ఊళ్లకు!”

వెనకనుంచి ఎవరో రాయి విసిరితే కిటికీ అద్దం పగిలింది. నాన్న తలుపు వేసేశారు. మనల్ని తరమడానికి వీళ్లకో వంక కావాలి, రేపే సామాను సర్దేద్దాం అన్నారు. నాకూ అదే న్యాయం అనిపించింది.

నాయనమ్మ పెరటి తలుపు తీసుకుని వెళ్లి కుంట చూసొచ్చింది. “వంక కాదురా. గేదెకు గుక్కెడు నీళ్లు లేవక్కడ. పొమ్మన్నదానికి నువ్వేం చెప్పుకుంటావో చెప్పుకో. కుంట మాట మాత్రం నిజం” అంది.

చీర దోపుకుని నీళ్లలోకి దిగింది. చేసేది లేక నాన్నా దిగారు. గట్టు మీద జనం వేళాకోళం చేశారే గానీ ఒక్కరూ చెయ్యి వేయలేదు. పక్కింటావిడ చేతులు కట్టుకుని, “గట్టు మీద ఏస్తె వానకు మల్ల లోపటికే ఒస్తది, సోయి లేదా?” అని కసిరింది. నాయనమ్మ ఆ మాట కూడా విన్నది. ఎండబెట్టడానికి మాకున్న చోటు వీధిలోకి తెరిచిన మా వాకిలి ఒక్కటే. ఆ మొక్కలను, పూలతో సహా, అక్కడే పరిచింది. సాయంత్రం పక్కింటావిడ గేదెలను తోలుకుంటూ వచ్చి, వాటి ముందు ఆగిపోయింది.

“తోలమ్మా, తొక్కితేనే తొందరగా చస్తాయి” అంది నాయనమ్మ.

ఆమె తోలింది. ఆ తరవాత కూడా మమ్మల్ని పలకరించలేదు. గోడ మీద రాతలూ అలాగే ఉన్నాయి. మమ్మల్ని ఆ మొక్కతో పోల్చినందుకు ఆమెను నేను ఈ వయసులోనూ క్షమించలేదు, క్షమించాలనీ లేదు. కానీ ఎవరైనా నన్ను నోటికొచ్చినట్టు తిట్టినప్పుడు, ఒళ్లు మండుతూనే, అందులో కుంట మాట ఏదైనా ఉందా అని వెతుక్కుంటాను. ఉంటే, దిగక తప్పదు.